ఏడో వారం

26 డిసెంబర్ 2019, గురువారం. ప్రొద్దుటూరు

ఎనిమిదికల్లా బడికి చేరాను. సెలవు రోజైనా గ్రహణం చూడడానికి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నలభై మంది వచ్చారు. ఇంతమంది వస్తారనుకోలేదు. కొందరి తల్లులు గేటు దాకా వచ్చి, పిల్లల్ని లోపలికి పంపి, తాము మాత్రం కొంగు తల మీదికి లాక్కుని గబగబా వెళ్లిపోయారు.

ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. అత్త నిన్న సాయంత్రమే వెనకగది కిటికీలకు పేపర్లు అంటించింది. పొద్దున నేను చీర కట్టుకుంటుంటే వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది.

“నాలుగు నెలల కడుపుతో గ్రహణం పట్టిన పొద్దు బయటికి పోతావా? నీ సైన్సు నీ దగ్గర పెట్టుకో. ఆ బిడ్డ నీ ఒక్కదానిదే కాదు.”

మామ బంగారు అంగడికి సెలవిచ్చి దేవుడి గదిలో కూర్చున్నాడు. చైతన్య వాళ్లమ్మను దాటుకుని పోయి బండి బయటికి తీసి, “ఎక్కు” అన్నాడు. నాకు అది చాలు.

తొమ్మిదిన్నరకు సూర్యుడు కొడవలిలా అయ్యాడు. మైదానంలో వేపచెట్టు కింద, ఆకుల సందుల్లోంచి నేల మీద వందల కొడవళ్లు పడ్డాయి. పిల్లలు అరుస్తూ వాటి మీద చేతులు పెట్టి చూసుకున్నారు. ఇది నేను బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా వాళ్లకు ఎక్కలేదు.

అప్పుడు డబ్బా తీసి ఉప్మా తిన్నాను, అందరి ముందు నిలబడి. “గ్రహణంలో తిండి విషం అవుతుందంటారు కదా. రేపు నేను కనిపిస్తానో లేదో చూసుకోండి” అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆయా మాబున్ని మాత్రం దూరం నుంచే, “ఏంటికి టీచరమ్మా ఈ పంతం? మాలో గూడా కడుపుతో ఉండేవాళ్లను కత్తి ముట్టుకోనియ్యరు” అంది. నవ్వేశాను. లెక్కల ఆరిఫ్ సార్ పిలిపించిన విలేకరి ఫోటో తీసుకున్నాడు.

పద్దెనిమిదో వారం. ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద బిడ్డ కదిలినట్లనిపించింది. చైతన్యతో చెప్తే బండి ఆపేశాడు.

మాత్ర వేసుకున్నాను.

27 డిసెంబర్

జిల్లా పేజీలో నా ఫోటో. చేతిలో డబ్బా, నోట్లో చెంచా. అత్త మాట్లాడడం మానేసింది.

9 జనవరి 2020

స్కానింగ్. వెన్ను, గుండె, కాళ్లు చేతులు అన్నీ బాగున్నాయి. ముఖం సరిగా కనిపించలేదు, బిడ్డ చెయ్యి అడ్డం పెట్టుకుందట. “సిగ్గేమో” అన్నాడు చైతన్య.

మాత్ర వేసుకున్నాను.

14 ఏప్రిల్

వీధికి రెండు వైపులా కర్రలు కట్టేశారు. కరోనా రెడ్ జోన్. మొదటి కాన్పుకు అమ్మ దగ్గరికి పోవాల్సిన దాన్ని, జమ్మలమడుగు ఎంత దూరమని, అదీ పోలేకపోయాను. అమ్మ పాల వ్యాను అతని చేత సంచి పంపింది. పైన నిమ్మకాయ పచ్చడి, అడుగున గుడ్డలో చుట్టి మాత్రలు. అత్త సంచి విప్పబోతే గభాలున లాక్కున్నాను.

“పచ్చడి గూడా దాచిపెట్టుకుంటాండావా?” అంది.

19 మే

పాప పుట్టింది.

20 మే

నిన్న రాయలేకపోయాను.

పై పెదవి ఎడమ పక్క చీలి ఉంది, ముక్కు దాకా. డాక్టర్ జువేరియా మేడం పాపను తుడిచి నా పక్కన పడుకోబెడుతూ, “చిన్న ఆపరేషన్ చేస్తే బాగయిపోతుంది, భయపడాకు” అంది. నేనింకా చూడలేదు. ఏం బాగు కావాలో తెలియలేదు. తువ్వాలు కొంచెం పక్కకు జరిపాను.

నర్సు బయటికి పోయి మావాళ్లకు చెప్పింది. “ఆడబిడ్డ. గ్రహణం మొర్రి ఉండాది.”

తలుపు అవతల అత్త గొంతు పగిలేలా ఏడ్చింది.

మన భాషలో దానికి వేరే పేరు లేదు. డాక్టర్లు అనేదీ అదే, ఆస్పత్రి గోడ మీద రాసేదీ అదే. పేరులోనే తీర్పు ఉంది. ఇక ఏ నోటితో వాదించేది?

24 మే

పాప రొమ్ము పట్టలేకపోతోంది. గాలి పోతోంది. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోస్తున్నాను, ఒక్కో విడతకు గంట పడుతోంది.

డిసెంబర్ నాటి పేపరును అత్త ఐదు నెలలు దాచి ఉంచిందని ఈ రోజు తెలిసింది. పాపను చూడడానికి వచ్చిన పక్కింటి పెద్దమ్మ ముందు పరిచి పెట్టింది.

“ఇదో చూడక్కా, నా కోడలు. సూర్యునికి ఎదురుగా నిలబడి నోరు తెరిచి తింటాండాది. ఆ నోరే బిడ్డకు చీలింది.”

ఎంత బాగా చెప్పింది. ఎనిమిదేళ్లుగా పాఠాలు చెప్తున్నాను, ఒక్క సంగతీ ఇంత సూటిగా చెప్పలేకపోయాను.

26 మే

మధ్యాహ్నం చైతన్యను కూర్చోబెట్టి నా పాత జువాలజీ పుస్తకం తెరిచాను. బొమ్మలు చూపించాను. బిడ్డ ముఖం ముక్కలు ముక్కలుగా మొదలై మధ్యకు వచ్చి అతుక్కుంటుంది. పై పెదవి ఏడో వారం అయ్యేసరికి అతుక్కోవాలి. అతుక్కోకపోతే ఇక అతుక్కోదు.

“గ్రహణం నాటికి మనకు ఎన్నో వారం?” అన్నాను.

“పద్దెనిమిది. బండి మీద చెప్పినావు గదా.”

“అప్పటికి పెదవి సంగతి అయిపోయి రెండు నెలలు దాటింది. గ్రహణం వచ్చి చీల్చడానికి ఆడ ఏమీ మిగల్లేదు.”

చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. వారం రోజులుగా ఆయన కూడా లోపల అదే నమ్ముతున్నాడని, నన్ను బండి ఎక్కించుకుపోయినందుకు తనను తాను తిట్టుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

“అమ్మకు నేను చెప్తా. ఈ పుస్తకం ఇయ్యి” అన్నాడు. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. “అయితే ఆ ఏడో వారంలో ఏమైంది, వాణీ?”

“ఏమీ కాలేదు. శానాసార్లు కారణం లేకుండానే అవుతుంది” అన్నాను.

అదీ పుస్తకంలో ఉన్న మాటే. దానికి ముందు ఇంకో వాక్యం ఉంది. దాని మీద నా అరచెయ్యి ఉంది.

27 మే

పుస్తకం చూసి అత్త అన్న మాట: “అచ్చు వేసిందంతా నిజమే అయితే ఆ పేపర్లో ఫోటో గూడా అచ్చు వేసిందే గదా.”

ఏడో వారం అంటే అక్టోబరు. దసరా అయిపోయాక.

28 మే

అక్టోబరు.

30 మే

ఇక్కడైనా రాయాలి. దీన్ని నేను తప్ప ఎవరూ చదవరు.

నాకు మూర్ఛ ఉంది. కడపలో బీయస్సీ రెండో ఏడు చదువుతున్నప్పుడు హాస్టల్లో రెండుసార్లు వచ్చింది. అప్పటి నుంచి రోజూ ఒక మాత్ర. మళ్లీ రాలేదు. పెళ్లిచూపుల నాడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, “తగ్గిపోయిన రోగం గురించి ఎవురికీ చెప్పే పనిలేదు” అంది. తగ్గిపోలేదు, మాత్ర వల్ల ఆగి ఉంది. ఆ తేడా నాకు తెలుసు. సైన్సు టీచర్ని కదా. అయినా తలూపాను.

మాత్రల పెట్టెలో మడిచిపెట్టిన కాగితం ఉంటుంది. గర్భిణులు డాక్టరుకు చెప్పకుండా వాడకూడదని అందులో రాసి ఉంది. చదివాను. అక్టోబరులో జువేరియా మేడం అడిగింది కూడా, “ఏమన్నా మందులు వాడుతాండావా అమ్మా?” అని. అత్త నా పక్క కుర్చీలో ఉంది.

“ఏం లేదు మేడం” అన్నాను.

ఒక్క పూట ఆగి ఒంటరిగా మళ్లీ పోయి ఉండొచ్చు. ఫోను చేసి ఉండొచ్చు. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూ పాలవాళ్ల లెక్కలూ పరీక్ష పేపర్లూ చూసుకున్నాను. ఆ వారాల్లోనే పాప పెదవి అతుక్కోవడానికి చూసి ఉంటుంది.

ఈ సాయంత్రం అమ్మకు ఫోను చేసి ఇదంతా చెప్పాను.

“వాళ్లు గ్రహణమనుకుంటాండారు గదా” అంది అమ్మ. “అనుకోనీ. గ్రహణానికైతే నిన్ను తిడతారు. ఇదైతే ఇంటికి పంపిస్తారు. గమ్మునుండు.”

గమ్మునున్నాను.

2 జూన్

పాప బరువు చూపించడానికి పోయాను. మాస్కుల గొడవ వల్ల లోపలికి ఒక్కరినే రానిచ్చారు. ఇన్నాళ్లకు నాకు దొరికిన ఏకాంతం అది. చెప్పేశాను.

జువేరియా మేడం పెన్ను మూత పెట్టింది. “అక్టోబర్లో నేను అడిగినా కదమ్మా.”

“అత్త పక్కనే ఉండె మేడం.”

“చెప్పింటే మందు మార్చేదాన్ని. లేదంటే మోతాదు తగ్గించేదాన్ని. ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే ఇచ్చేదాన్ని. మూర్ఛ ఉన్న తల్లులు ఎంతమంది చక్కని బిడ్డల్ని కంటాండారో తెలుసా?”

“అయితే దానివల్లేనా?”

“దానివల్లే అని నేను రాసియ్యలేను. కాదని గూడా చెప్పలేను. ఆ మందుతో ప్రమాదం ఎక్కువ. అంతవరకే తెలుసు.” తరువాత నా చెయ్యి పట్టుకుంది. “ఇప్పుడు దుఃఖంలో నీ అంతట నువ్వు మాత్ర ఆపేసేవు, జాగ్రత్త. పాపను ఎత్తుకుని ఉన్నప్పుడు ఫిట్స్ వస్తే ఇంకా ఘోరం. కడపలో నరాల డాక్టరుకు రాసిస్తా, పోయి చూపించుకో.”

పాప ఐదు కిలోలు దాటితే ఆపరేషన్ అట. కాగితం ఒకటి ఇచ్చింది. పైన పెద్ద అక్షరాలతో ‘గ్రహణం మొర్రికి ఉచిత శస్త్రచికిత్స’.

అత్త ఇప్పటికే గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది. గుళ్లు తెరవగానే పాపను తీసుకుపోయి పొర్లుదండాలు పెట్టమంటోంది. ఆ దారిలో ఒక సుఖముంది. తప్పు చేశావు, ఇది చేస్తే పోతుంది అంటారు. నేను నమ్ముకున్నదాని దగ్గర ప్రాయశ్చిత్తం లేదు. ‘ప్రమాదం ఎక్కువ’ అన్న రెండు మాటలున్నాయి. వాటితో జీవితాంతం ఏం చేసుకోవాలో అది చెప్పదు.

9 జూన్

ఆడబిడ్డ ప్రవల్లిక పులివెందుల నుంచి వచ్చింది. దానికి ఐదో నెల. ఇరవై ఒకటో తేదీన మళ్లీ సూర్యగ్రహణం. అత్తగారింట్లో సరిగా చూడరని, ఆ ఒక్క రోజు కోసం అత్త కారు పంపి మరీ పిలిపించింది. పిల్ల చిక్కిపోయింది. ఐదో నెల వచ్చినా వాంతులు తగ్గలేదు. బీపీ తక్కువని డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడట.

పాపను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఆ పెదవినే చూసింది. అత్త లోపలికి పోగానే మెల్లగా అడిగింది.

“వదినా, నిజంగా ఉంటాదా ఇది? నువ్వు చెప్పు. నువ్వు చెప్తే నేను నమ్ముతా. ముందురోజు నుంచి నీళ్లు గూడా ముట్టగూడదంటాండాది అమ్మ.”

చైతన్య గుమ్మంలో ఉన్నాడు. నా జవాబు కోసం ఆయనా చూస్తున్నాడు.

“జాగ్రత్తగా ఉంటే పోయేదేముంది” అన్నాను.

ఈ వాక్యం రాసి పది నిమిషాలైంది. ఇంకా దీన్నే చూస్తున్నాను.

15 జూన్

ఆరిఫ్ సార్ ఫోను. గ్రహణం రోజు పిల్లలకు ఫోన్లలో చూపిద్దామని ఆయన ఆలోచన. “మీరు మాట్లాడాలి మేడం. ఊర్లో మీ పాప గురించి ఏమేమో అనుకుంటాండారు. మీరు నోరు తెరవకపోతే ఇంగ పిల్లలు ఎవురి మాట వింటారు?”

ఒంట్లో బాగాలేదన్నాను.

సాయంత్రం అత్త పులివెందుల వియ్యపురాలికి ఫోను చేసి నా చేతికిచ్చింది. “మా కోడలే చెప్తాది వినండి.” చెప్పాను. నేను పెద్దల మాట వినలేదని, ప్రవల్లికను జాగ్రత్తగా చూసుకుంటామని. నా గొంతు చాలా మామూలుగా ఉంది. తరగతిలో హాజరు పిలుస్తున్నట్లు.

21 జూన్, ఆదివారం. సాయంత్రం

వరుసగా రాస్తాను.

నిన్న భోజనం తరువాత ప్రవల్లికకు ఏమీ ఇవ్వలేదు. పొద్దున తొమ్మిదికి వెనకగదిలో చాప మీద పడుకోబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, అత్త తలుపుకు బయట గడియ పెట్టింది. కదలకూడదు, గోక్కోకూడదు, పక్కకు తిరగకూడదు. తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

పదీ ఇరవైకి పట్టింది. పదకొండు దాటాక లోపల నుంచి, “అమ్మా, రొన్ని నీళ్లు” అని వినిపించింది.

“ఇంగ రొంతసేపు ఓర్చుకో తల్లీ. స్వామిని తలుచుకో.”

మళ్లీ కాసేపటికి, “వదినా.”

హాల్లో పాపకు పాలు పోస్తున్నాను. లేవలేదు. ఇది రాయాలి. మొదటిసారి పిలిచినప్పుడు లేవలేదు. గిన్నెలో పాలు అయిపోవచ్చాయి, ఇవి అయ్యాక లేద్దాం అనుకున్నాను.

“వదినా, కళ్లు తిరుగుతాండాయి.”

తరువాత ఏదో పడిన చప్పుడు. మళ్లీ మాట లేదు.

పాపను ఎత్తుకునే పోయాను. “తలుపు తీయండత్తా.”

“ఇంగ గంటన్నర ఉండాది. తీస్తే దాని బిడ్డ గతి గూడా ఇంతే. ముందు నీ బిడ్డ మూతి చూసుకుని మాట్లాడు.”

మామా, చైతన్యా వచ్చి నిలబడ్డారు. చైతన్య, “అమ్మా, పుస్తకంలో...” అని మొదలుపెట్టాడు. అత్త వినలేదు. పుస్తకం పనికిరాదని నాకు తెలుసు. ఆ పుస్తకంలో ఏడో వారం ఖాళీగా ఉన్నంత కాలం అందులోకి గ్రహణమే వస్తుంది.

“నా బిడ్డ మూతికి గ్రహణం కారణం కాదత్తా” అన్నాను. “నాకు ఫిట్సు ఉండాయి. పెళ్లికి ముందు నుంచీ. దానికి రోజూ మాత్ర మింగుతాండా. కడుపుతో ఉన్నప్పుడూ మింగినా, డాక్టరుకు చెప్పలేదు. దానివల్ల అయిండొచ్చు. గ్రహణం వల్ల మాత్రం కాదు. తలుపు తీయండి.”

అత్త కుర్చీలోంచి లేచింది. చైతన్య నా ముఖంలోకి ఒక్కసారి చూసి, కుర్చీ పక్కకు లాగి గడియ తీశాడు.

ప్రవల్లిక గోడ దగ్గర బోర్లా పడి ఉంది. పెదాలు తెల్లగా పగిలాయి. గది పొయ్యిలా ఉంది. నేను నీళ్లతో ముఖం తుడిచాను. చైతన్య ఎత్తుకుని కారులో పడుకోబెట్టాడు. మిట్టమధ్యాహ్నం ఎండ పలచగా, జబ్బు పడినట్లు ఉంది. వీధిలో ఒక్క మనిషి లేడు. మా కారు ఒక్కటే పోయింది.

రెండు బాటిళ్లు ఎక్కించాక కళ్లు తెరిచింది. కడుపులో గుండె బాగానే కొట్టుకుంటోందని జువేరియా మేడం వినిపించింది. “ఇంకో గంట అయింటే నేనేం చెప్పలేకపోదును” అని చైతన్యతో అంది. ఆయన తలూపాడు. నా పక్కకు తిరగలేదు.

22 జూన్

పెళ్లయి మూడేళ్లయింది. ఈ ఇంట్లో నేను చెప్పిన సైన్సును అందరూ నమ్మడం ఇదే మొదటిసారి.

అత్త పొద్దుటి నుంచి ఫోన్లోనే ఉంది. “గ్రహణమూ కాదు, ఏమీ కాదు. మాత్రలంట. డాక్టరమ్మే చెప్పిందంట. రోగం దాచిపెట్టి మా గొంతు కోసినారు.” ‘అయిండొచ్చు’ అని నేను అన్నది ఎవరికీ గుర్తులేదు. జువేరియా మేడం రాసివ్వలేనన్నది వీళ్లు రాసుకున్నారు.

మామ జమ్మలమడుగుకు ఫోను చేసి నాన్నతో రెండే మాటలు మాట్లాడాడు. “వచ్చి పిల్చుకపోండి.”

బట్టలు సర్దుతుంటే చైతన్య వచ్చి మంచం చివర కూర్చున్నాడు.

“రోగం నాకు లెక్క కాదు, వాణీ” అన్నాడు. “నేను అడిగినా గదా. ఏడో వారంలో ఏమైందని అడిగినా. ఏమీ కాలేదన్నావు. నేను పోయి మా అమ్మతో కొట్లాడినా నీ తరఫున.”

పాప ఏడిస్తే ఎత్తుకుని నా చేతికిచ్చాడు.

24 జూన్. జమ్మలమడుగు

అమ్మ మొదటి మాట: “చెప్పొద్దంటి గదా.”

ప్రవల్లిక బతికింది కదమ్మా అన్నాను. అది వేరే సంగతి అంది.

18 జూలై

బడి నుంచి కబురు. ఆన్‌లైన్ తరగతులకు వేరే టీచరును పెట్టుకున్నారట. “పిల్లల ముందర ఫిట్స్ వస్తే బాగుండదు కదమ్మా, మీరు విశ్రాంతి తీసుకోండి” అన్నాడు కరస్పాండెంట్. గ్రహణం నాడు ఉప్మా తిన్నందుకు నన్ను మెచ్చుకున్నది ఈయనే.

నరాల డాక్టరు మందు మార్చాడు. మాత్ర వేసుకున్నాను, అమ్మ ముందే, హాల్లో నిలబడి.

11 సెప్టెంబర్. కడప

ఆపరేషన్ అయింది. గంటన్నర. చైతన్య వచ్చాడు, సంతకం పెట్టాడు, వరండాలో ఆ చివర నిలబడ్డాడు. పాపను బయటికి తెచ్చాక ఇద్దరం ఒకేసారి వంగి చూశాం. మా తలలు తగిలాయి. ఆయన వెనక్కి జరిగి “సారీ” అన్నాడు. పరాయి ఆడమనిషికి తగిలినప్పుడు అన్నట్లు.

1 నవంబర్, ఆదివారం. జమ్మలమడుగు

ప్రవల్లికకు మొన్న కొడుకు పుట్టాడు. చక్కగా ఉన్నాడట. అది తనే ఫోను చేసి చెప్పింది, బాత్రూములో నిలబడి, మెల్లగా. అత్త అందరికీ ఏమని చెప్తోందో కూడా చెప్పింది. తలుపు తీసేదాకా గ్రహణంలో గదిలో పెట్టబట్టే బిడ్డకు మూతి నిలిచిందట. పూర్తిగా ఉంచి ఉంటే ఇంకా తెల్లగా పుట్టేవాడట.

నాకు మాత్రలు, వాళ్లకు గ్రహణం. ఎవరికి ఏది కావాలో అది ఉంచుకున్నారు.

“నేను మటుకు నా బిడ్డకు చెప్తా వదినా, తలుపు ఎవురు తీయించినారో” అంది ప్రవల్లిక. ఫోను పెట్టాక ఏడ్చాను.

మధ్యాహ్నం చైతన్య వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. అమ్మ కాఫీ పెట్టి లోపలికి పోయింది. పాప ఆయన వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. గట్టిగా చప్పరించింది. కుట్ల గీత సన్నగా, ఎర్రగా ఉంది. ఆయన వేలు తీసుకోలేదు.

“బెంగళూరులో ఇల్లు చూస్తాండా” అన్నాడు. “ఆడ ఒక నగల కంపెనీలో పని ఉండాది. అంగడి వద్దనుకుంటాండా.”

నేను కాఫీ గ్లాసు ఆయన వైపు జరిపాను.

“వాణీ, ఒకటి అడుగుతా. ఇంగా ఏమన్నా ఉండాదా, నాకు చెప్పనిది?”

“లేదు” అన్నాను.

నిజమే చెప్పాను. ఇంకేమీ లేదు. ఆయన నా ముఖంలో ఏదో వెతికాడు. అంత శ్రద్ధగా నన్ను పెళ్లిచూపుల్లో కూడా చూడలేదు. తరువాత పాప నోట్లోంచి వేలు తీసుకుని, రుమాలుతో తుడుచుకుని, “సరే, ఫోను చేస్తా” అని లేచాడు.

ఆయన నమ్మలేదు.